పాదాలున్న అక్షరాలు

గులాబీ పువ్వుల బొమ్మ మీద అక్షరాలు అచ్చు వేసేవాళ్ళంటే నాకు అసహ్యం. అన్నంలో వెంట్రుక వచ్చినప్పుడు పుడుతుంది చూడండి, అలాంటి అసహ్యం. పువ్వు పక్కన ఒక పావురం, పావురం వెనక మేఘం, మేఘంలోంచి కిరణాలు, వాటన్నిటి మీదా బంగారు రంగులో మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు. అది పెళ్ళి శుభలేఖో, చావు కబురో, చీరల కొట్టు ప్రారంభోత్సవమో ఎవరికీ తెలియదు. పైన పటారం, లోన లొటారం. ఒడిశాలోని రాయగడ బస్టాండు ఎదురుగా చాలా ఏళ్ళుగా డీటీపీ షాపు నడుపుతున్నదాన్ని, ఈ మాట అనే హక్కు నాకుంది. అడిగినవాళ్ళకి నేనూ అలాంటివి వేసిచ్చాను, తిట్టుకుంటూ. కానీ దొర్కా సిస్టరు ఆదరణ కూడికలో జరిగింది మాత్రం నేను మింగలేకపోతున్నాను.

దొర్కా సిస్టరు మిషన్ ఆసుపత్రిలో నర్సు. నా ఇద్దరు పిల్లల్నీ ఆవిడే చేతుల్లోకి తీసుకుంది. ఈ ఊళ్ళో తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో ఆవిడ చెయ్యి పడకుండా పుట్టినవాళ్ళు తక్కువ. పోయిన నెల నిద్దట్లోనే వెళ్ళిపోయింది. భర్త ఎలీయాజరు మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నాకూ ఆయనే చెప్పారు.

మాలో ఒక పద్ధతి ఉంది. సమాధి అయిన కొన్నాళ్ళకి ఆదరణ కూడిక పెట్టి, పోయినవాళ్ళ జీవిత చరిత్ర చదువుతారు. అది అచ్చు వేయించి అందరికీ పంచుతారు. మా పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అందుకని అచ్చు ఇంగ్లీషులో ఉంటుంది. ఎన్ని చరిత్రలు టైపు చేశానో, అన్నీ ఒకటే. భక్తిగల కుటుంబంలో జన్మించి, క్రమశిక్షణతో పెరిగి, అందరితో ప్రేమగా మెలిగి, ప్రభువునందు నిద్రించెను. పెళ్ళాన్ని వీధిలోకి ఈడ్చి కొట్టినవాడు కూడా మా షాపులోంచి శాంత స్వభావుడై బయటికి వెళ్ళాడు.

సమాధి అయిన రెండో రోజో మూడో రోజో మాస్టారు చేత్తో రాసిన కాగితం పట్టుకొని ఆటో దిగారు. టైపు చెయ్యడానికి కూర్చుని మొదటి లైనే చదివి ఆగిపోయాను. “నా భార్య నారాయణపట్న దగ్గర ఒక కొండ ఊళ్ళో, ఊళ్ళోవాళ్ళ పశువులు కాసే తండ్రికి చిలకమ్మ అనే పేరుతో పుట్టింది. ఇంట్లో వాళ్ళ మాట దేశియా, కొండల్లో మాట్లాడే ఒడియా. ఇది నేను యాభై ఏళ్ళు దాచాను.” ఆయన ఇంగ్లీషులో రాసిన దానికి తెలుగు ఇది.

నేను తల ఎత్తి చూశాను. ఆయన బల్ల మీద కూర్చుని గొడుగు ముడుచుకుంటున్నారు.

దొర్కా సిస్టరుది తుని అని మా సంఘమంతా చెప్పుకుంటుంది. మాస్టారి అమ్మగారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. కొండపిల్లని పెళ్ళి చేసుకుంటానని కొడుకు పట్టుబడితే, చేసుకో, కాని బంధువుల్లో తుని అని చెప్పు, అందిట. పెళ్ళికూతురు తలూపింది. అక్కడితో ఆవిడ ఊరు మారిపోయింది. ఆవిడ తమ్ముడు రాముడు ఏడాదికి రెండు మూడు సార్లు పసుపు, అల్లం, పనసకాయలు మోసుకొచ్చేవాడు. వెనక గుమ్మంలోంచి వచ్చేవాడు. చుట్టాలుంటే కూరలమ్మే మనిషి అని చెప్పేవారు. కొడుకు సొంత మేనమామని పేరు పెట్టి, రాముడూ, అని పిలిచేవాడు. ఇదంతా మాలో సగం మందికి తెలుసు. తెలిసి తెలియనట్టుండడం మా సంఘంలో పెద్ద మర్యాద. థూ.

“మాస్టారూ, ఇది అందరి ముందూ సదువుతారా?” అన్నాను.

“నేనే సదవాల, ఫేబమ్మా. మా అబ్బాయి శరత్ సేతికిస్తే ఈ లైను ఉండదు.”

“సదవడం దేనికి? మైకట్టుకుని నోటితో సెప్పీయండి.”

ఆయన తల అడ్డంగా ఊపారు. “నోటితో నా వల్ల కాదు. ఆవిడదే ఊరని ఎవులడిగినా ఇన్నేళ్ళూ నా నోరు తుని అనీసింది. ఇప్పుడూ నాకు తెలీకుండా అదే వచ్చీస్తాది. కాయితం మీద అచ్చరం కనిపిస్తుంటే నోరు దాని ఎనకాల నడుస్తాది. నా నోటిని నేను నమ్మలేను, అమ్మీ. ఆవిడ తమ్ముడికి కబురెట్టేను. ఈసారి ముందు గుమ్మంలోంచి రమ్మన్నాను.”

అదీ సంగతి. ఆయన కూడికలో చదవాలి, చదవాలంటే ఆయనకి కనిపించాలి. ఒక కన్ను ఆపరేషనైంది. రెండో దానికి ఎదుటి మనిషి ముఖం తప్ప చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుందట.

ముందు కంప్యూటరు తెరవగానే దానంతట అది వచ్చే ఫాంటులోనే కొట్టి ప్రింటు తీసిచ్చాను. నున్నటి కర్రపుల్లల్లా ఉంటాయి ఆ అక్షరాలు, బోర్డులకి బాగుంటాయి. ఆయన రెండు లైన్లు చదివి మూడోదానికి బదులు ఐదోదానిలోకి దిగిపోయారు. సైజు పెంచాను. లైనుకి నాలుగు మాటలు కూడా పట్టక మరీ తడబడ్డారు. లావుగా చేశాను, నల్లటి గోడలా ఉందన్నారు. నాకు విసుగొచ్చి నా దగ్గరున్న పుస్తకాల ఫాంట్లు ఒక్కొక్కటే వేసి చూపించాను. ఒకదాని దగ్గర ఆయన మాట్లాడటం మానేసి చదువుకుంటూ పోయారు. పేజీ చివరిదాకా వెళ్ళి కళ్ళజోడు తీశారు.

“ఇదేటి ఫాంటు?”

“కాస్లన్.”

“నా సిన్నప్పటి బడి పుస్తకాలు ఈ అచ్చరాలేనేమో. నా కళ్ళకి తెలుసు ఇవి.”

నాకూ అది ఇష్టమే గాని మా ఊళ్ళో ఎవరడుగుతారు దాన్ని? ఇంగ్లండులో తుపాకుల మీద నగిషీలు చెక్కుకునే ఒకాయన మూడు వందల ఏళ్ళ కిందట చెక్కిన అక్షరాలట. ఒక్కో అక్షరాన్ని విడిగా తీసి చూస్తే గొప్పేమీ కనిపించదు, కొన్ని కాస్త వంకరగా కూడా ఉంటాయి. పేజీ నిండా పరిస్తే మాత్రం కన్ను హాయిగా జారుతుంది. నిలువు గీత కాస్త లావు, తిరిగే చోట సన్నం. ప్రతి గీత అడుగునా చిన్న పాదం ఉంటుంది. సెరిఫ్ అంటారు దాన్ని, నేను పాదమే అంటాను. ఆ పాదాలన్నీ ఒకే వరసలో నేల మీద ఆనడం వల్ల మసక కన్ను కూడా లైను తప్పదు. నా లెక్కలో అది అన్నం లాంటి ఫాంటు. అన్నం ఎంత బాగుందో అని ఎవరూ అనరు, కూర గురించే మాట్లాడతారు. నవల, పాఠం, ప్రార్థన, సుదీర్ఘంగా చదవాల్సింది ఏదైనా దాన్లో పెట్టుకోవచ్చు. చీరల కొట్టు బోర్డుకి పనికిరాదు, దాన్ని ఎవరూ దూరం నుంచి చూసి ఆగరు. అది చెప్పే మాటకి దారిచ్చి పక్కకి తప్పుకుంటుంది. అబద్ధాన్ని దాన్లో అచ్చు వేస్తే అబద్ధంలాగే కనపడుతుందని నా నమ్మకం, తప్పైతే క్షమించండి.

లేత పసుపు కాగితం మీద నల్ల సిరాతో, పైన చిన్న ఫొటో పెట్టి, కూడికకి సరిపడా ప్రతులు తీసి కట్ట కట్టి మాస్టారింటికి పంపించాను. ఆయన ఫోన్ చేసి, వరండాలో కూర్చుని రెండు సార్లు చదువుకున్నానమ్మీ, అన్నారు. గొంతులో ఆ రోజు కొంచెం బలం ఉంది.

మర్నాడు శరత్ బాబు నా షాపుకి వచ్చాడు. మాస్టారి ఒక్కగానొక్క కొడుకు, విశాఖపట్నంలో ఏదో కంపెనీలో మేనేజరు. సెంటు వాసన ముందు వచ్చింది, వాడు తరవాత వచ్చాడు.

“ఏంటాంటీ ఇది, కోర్టు నోటీసులా ఉంది. అమ్మకి ఒక గ్రాండ్‌నెస్ ఉండాలి కదా,” అని నేను తీసిన ప్రతిని వేలికొసల్తో పట్టుకొని ఆడించాడు.

“మీ నానగారికి కనిపించేలాగ సేసేను, బాబూ. సదివేది ఆయన.”

“నాన్న సంగతి నేను చూసుకుంటాలెండి. మ్యాటర్ కూడా కొంచెం సెన్సిటివ్‌గా ఉంది. మా పాపకి రాజమండ్రి సంబంధం కుదిరేలా ఉంది, వాళ్ళు కూడికకి వస్తున్నారు. అమ్మ గురించి మనం పాజిటివ్‌గా చెప్పాలి.”

“మీ అమ్మ పుట్టిన ఊరు నెగెటివా?” అన్నాను.

వాడు నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు, అదే నన్ను కాల్చింది. ఫోన్లో ఒక డిజైను చూపించాడు. గులాబీలు, పావురం, మేఘం. “ఇలా చేసివ్వగలరా?” అన్నాడు.

“నాకు రాదు,” అన్నాను. వస్తుంది. నా చెయ్యి రాదు.

“పర్లేదాంటీ, వైజాగ్‌లో చేయిస్తా. మీవి కూడా వాడదాం, వేస్ట్ చెయ్యం,” అని వెళ్ళిపోయాడు. నేను ఆ మాట నమ్మాను. మాస్టారి చేతిలో నా కాగితం ఉంటే చాలు, మిగతావాళ్ళు గులాబీలు చూసుకోనీ, అనుకున్నాను.

కూడిక చర్చిలోనే పెట్టారు. వెనక షామియానా వేసి భోజనాలు. రాజమండ్రి వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. నేను వెళ్ళేసరికి రాముడు చివరి బెంచీ మీద ఉన్నాడు, ఉతికిన చొక్కా, భుజాన తువ్వాలు. ముందు గుమ్మంలోంచే వచ్చాడట. చూసినవాళ్ళు కాస్త జరిగి కూర్చున్నారు. గౌరవంతో కాదు, తగలకుండా. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

రెండో కీర్తన పాడుతుండగా జీవిత చరిత్ర పుస్తకాలు పంచారు. నున్నటి కాగితం, చేతిలోంచి జారిపోతోంది. విప్పి చూస్తే నా ఒళ్ళు మండిపోయింది. గులాబీ రేకుల మీద బంగారు మెలికలు, ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మెడకి చుట్టుకొని. నా కళ్ళు మంచివే, నాకే కుదరలేదు. ముఖం దగ్గరగా పెట్టుకుంటే “తునిలో ఒక గౌరవనీయ కుటుంబంలో” అని పోల్చుకోగలిగాను. కింద కొడుకు హోదా, కోడలు చదువు, మనవరాలి ర్యాంకు ఉన్నాయి. చచ్చిపోయింది ఎవరో వెతుక్కోవాలి.

వేదిక మీద మాస్టారి ఒళ్ళో కూడా కొడుకు పెట్టిన అదే పుస్తకం. ఆయన ఇంకా విప్పలేదు. అది నేను వేసిందే అనుకుంటున్నారని నాకు అర్థమైంది. గభాలున లేచి బయటికి వచ్చాను. నా కట్ట ఎక్కడ పెట్టారని వడ్డించే ఆడవాళ్ళనడిగితే ఒకావిడ షామియానా కేసి చెయ్యి చూపించింది.

నా కాగితాలు బల్లల మీద పరిచి ఉన్నాయి. విస్తరాకుల కింద వరసగా, బల్లంతా. వాటి మీద బిర్యానీ డేగిసాలు, పెరుగు బకెట్లు. నూనె పీల్చుకుని లైన్లు ఇటువైపు నుంచి అటువైపు కనిపిస్తున్నాయి. దొర్కా సిస్టరు ఫొటో మీద ఎవరో నిమ్మచెక్కలు పోశారు. వేస్ట్ చెయ్యలేదు, నిజమే. పొడిగా ఉన్నదొకటి దొరుకుతుందేమోనని ఆకులు ఎత్తి ఎత్తి చూస్తున్నాను. అప్పుడే మైకులో పాస్టరు గారు, ఇప్పుడు ఎలీయాజరు మాస్టారు తమ భార్య జీవిత చరిత్ర చదువుతారు, అన్నారు.

మైకులో కాగితం తిప్పుతున్న చప్పుడు. మళ్ళీ తిప్పుతున్న చప్పుడు. ఎవరో దగ్గారు. కొడుకు గొంతు మెల్లగా, “నాన్నా, నేను చదవనా?” అంది. “ఉండు,” అన్నారు మాస్టారు. ఆయన ఊపిరి కూడా వినిపిస్తోంది.

“నా భార్య దొర్కా,” అన్నారు. ఆగారు. “నా భార్య... తునిలో పుట్టింది.”

ఒక మూల నూనె అంటని కాగితం అప్పుడే నా చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని డేగిసాల మధ్య నిలబడిపోయాను. మైకు కొడుకు అందుకున్నాడు, గడగడా చదివేశాడు, గౌరవనీయ కుటుంబం దగ్గర గొంతు పెంచాడు. లోపల అందరూ ఆమెన్ అన్నారు.

పక్క గేటులోంచి రాముడు బయటికి వస్తున్నాడు. తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటున్నాడు. భోజనం చెయ్యలేదు.

“బాబూ, ఆగండి. నారాయణపట్న బస్సుకి ఇంకా టైముంది, మా షాపు బస్టాండు కాడే,” అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి నా వెనక నడిచాడు.

వెళ్ళేముందు శరత్ బాబుని పట్టుకున్నాను. నోటికి వచ్చినన్ని అందామనే. వాడు చేతులు రెండూ చాపి, “ఆంటీ, నేనేం చేశాను? నాన్నగారే చెప్పారుగా తుని అని. మీరూ విన్నారుగా,” అన్నాడు. పైగా వాడి ముఖంలో తేలు కుట్టిన దొంగ లక్షణం ఏమీ లేదు. తండ్రికి కనిపించకూడదని ఆ ఫాంటు పెట్టాడా అంటే, అంత తెలివి లేదు వాడికి. వాడికది నిజంగానే అందంగా ఉంది. అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ రోత పుడుతుంది.

షాపులో రాముడికి టీ తెప్పించి, కంప్యూటరు తెరిచి ఆ పేజీ మళ్ళీ ప్రింటుకి ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు, చెయ్యి ఊరుకోలేక. అది బయటికి వస్తుండగా గుమ్మంలో ఆటో ఆగింది. మాస్టారు దిగారు. ఒక్కరే వచ్చారు. చేతిలో ఇంకా ఆ గులాబీల పుస్తకం ఉంది, చెమటకి దాని రంగు అరచేతికి అంటింది.

“రాముడూ,” అన్నారు. బావమరిది ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. “నాకు కనిపించనేదు. కనిపించకపోతే నోరు దాని దారిన అది పోయింది.”

రాముడు టీ గ్లాసు కింద పెట్టాడు.

నేను ప్రింటు తీసి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన కాగితాన్ని వెలుతురు కేసి తిప్పి, వేలు మొదటి లైను కింద ఆనించారు. క్లాసులో పాఠం చెప్పినట్టే ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, దాన్నే తెలుగులో చెప్పారు. నా భార్య చిలకమ్మగా పుట్టింది. వాళ్ళ నాన్న ఊరి పశువులు కాసేవాడు. ఇది నేను యాభై ఏళ్ళు దాచాను. ఆవిడ తన తమ్ముణ్ణి తన ఇంట్లో వెనక గుమ్మంలో కూర్చోబెట్టి అన్నం పెట్టింది, నేను చూస్తూ ఊరుకున్నాను. ఒక్క లైను తప్పలేదు. ఒక్క చోట ఆగి, వేలు అక్కడే ఉంచి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకున్నారు. బయట కండక్టర్లు లక్ష్మీపురం, నారాయణపట్న అని అరుస్తున్నారు.

చదవడం అయిపోయాక ఆయన బావమరిది కేసి చూశారు. క్షమించాను అంటాడనుకున్నారో, ఏడుస్తాడనుకున్నారో. నాకూ ఏదో అలాగే అనిపించింది.

రాముడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“మా అక్క ఏ ఊర్ల పుట్టినాదో నాకు తెల్దా, బావా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. “నాకెందుకు సెప్తావు ఇది? తెలీనోళ్ళు ఆడ కూకున్నారు. ఆళ్ళకి సెప్పాల.”

గుమ్మం దిగి బస్సు కేసి వెళ్ళిపోయాడు. టీ సగమే తాగాడు. మాస్టారు లేవబోయి లేవలేకపోయారు. బస్సు కదిలి మలుపు తిరిగింది.

మాస్టారు కాగితం నాకేసి చాపారు.

“ఇదే ఫాంటు. కూసింత పెద్దది సెయ్యి, అమ్మీ,” అన్నారు. “ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి సదవాల.”